రేడియేటరుకు కావలసింది గాలి

1901 మార్చిలో ఫ్రాన్సు దక్షిణ తీరాన నీస్‌లో జరిగిన కారు పందేల్లో డైమ్లర్ కంపెనీవారి కొత్త మెర్సిడెస్ తిరుగులేకుండా గెలిచింది. ఆ కారు చరిత్ర రాసేవాళ్లు దాని 35 హార్స్‌పవర్ ఇంజను గురించి, నేలకు దగ్గరగా దిగిన ఛాసిస్ గురించి ముందు చెబుతారు. నా దృష్టిలో అందులో అన్నిటికన్నా గొప్ప భాగం ముందు నిటారుగా నిలబెట్టిన పెట్టె. ఆ కంపెనీ ఇంజనీరు విల్‌హెల్మ్ మైబాఖ్ అందులో 8,070 సన్న గొట్టాలను పేర్చి అతికించాడు. ఒక్కో గొట్టం నోరు 6 మిల్లీమీటర్ల చదరం. గొట్టాల్లోంచి గాలి పోతుంది, గొట్టాల మధ్య సందుల్లో నీళ్లు పారతాయి. అంతకుముందు 18 లీటర్ల నీళ్లు మోయాల్సిన కారుకు 9 లీటర్లు సరిపోయాయి. తేనెపట్టు రేడియేటరు అని దానికి పేరు పడింది.

అది ఎంత పెద్ద అడుగో తెలియాలంటే పదమూడేళ్లు వెనక్కి వెళ్లాలి. కార్ల్ బెంజ్ చేసిన మూడు చక్రాల బండిలో సిలిండరు చుట్టూ ఉన్న నీళ్లు మరిగి ఆవిరైపోవడమే చల్లబరిచే పద్ధతి. 1888 ఆగస్టులో ఆయన భార్య బెర్తా, ఇద్దరు కొడుకులను వెంటబెట్టుకుని, మాన్‌హైమ్ నుంచి నూరు కిలోమీటర్లకు పైగా ఆ బండిలో ప్రయాణం చేసింది. దారిలో ఎక్కడ నీళ్లు దొరికితే అక్కడ ఆగి పోసుకుంటూ వెళ్లాల్సి వచ్చింది. ఇంజను బలం పెంచుకుంటూ పోతే ఆ పద్ధతి ఎన్నాళ్లు సాగుతుంది? మైబాఖ్ నీళ్లను తగలేయడం మానేసి, వాటిలోని వేడిని గాలికి అప్పజెప్పే దారి వెతికాడు. అక్కడి నుంచి ఇప్పటిదాకా రేడియేటరులో వచ్చిన మంచి మార్పుల్లో చాలా భాగం గాలి వైపు జరిగినవే. పందెం కారుకో, టర్బో బిగించిన సొంత కారుకో బయటి కంపెనీ రేడియేటరు కొనేవాళ్లు మాత్రం లోహం చూస్తారు, మందం చూస్తారు, మెరుపు చూస్తారు. గాలి సంగతి అడిగేవాళ్లు అరుదు.

లెక్క చూద్దాం. ఇంజనులో కాలిన పెట్రోలు శక్తిలో ఇంచుమించు మూడో వంతు పనిగా మారుతుంది, ఇంకో మూడో వంతు పొగతో పాటు బయటికి పోతుంది, మిగిలిన దాంట్లో ఎక్కువ భాగం ఇంజనును చల్లబరిచే కూలెంటులోకి చేరుతుంది. 150 కిలోవాట్ల ఇంజను, అంటే దాదాపు 200 హార్స్‌పవర్, పూర్తి దమ్ముతో లాగుతున్నప్పుడు రేడియేటరు వదిలించుకోవాల్సిన వేడి 100 కిలోవాట్ల దరిదాపుల్లో ఉంటుంది. మన స్నానాల గదుల్లో ఉండే రెండు కిలోవాట్ల గీజర్లు యాభై ఒకేసారి వేసినంత. ఈ వేడినంతా తీసుకోవాల్సిన గాలి చాలా బలహీనమైన కూలీ. ఒక లీటరు నీళ్లు ఒక డిగ్రీ చల్లబడితే వచ్చే వేడిని, తానూ ఒక్క డిగ్రీయే వేడెక్కుతూ మోసుకుపోవాలంటే సుమారు 3,500 లీటర్ల గాలి కావాలి.

అందుకే గొట్టాల మధ్య రెక్కలు పెడతారు. షాపుల్లో ఫిన్స్ అంటారు. వాటి మందం మిల్లీమీటరులో పదో వంతు ఉంటుంది, అంతే. ఒక రెక్కను దగ్గరగా పెట్టుకుని చూడండి. దాని మీద వరసగా కోసి, ఏటవాలుగా తెరిచిన సన్నటి చీలికలు కనబడతాయి. లోహం మీదుగా జారే గాలి దాన్ని అంటిపెట్టుకుని ఒక పొర కడుతుంది. పొర పెరిగే కొద్దీ వేడి దాన్ని దాటడం కష్టమవుతుంది. చీలిక వచ్చిన ప్రతిచోటా ఆ పొర తెగి, మళ్లీ మొదటి నుంచి కట్టుకోవాలి. అలా వేల చోట్ల తెంపడం వల్లే అరచేతి మందం కూడా లేని పెట్టె అంత వేడిని వదిలించుకోగలుగుతోంది. కంటికి ఆనని ఈ చీలికల్లో ఉన్నంత తెలివి బానెట్ కింద ఇంకే రేకులోనూ లేదనిపిస్తుంది నాకు.

గాలిని లోపలికి ఎలా రానివ్వాలో కార్లవాళ్లకు విమానాలవాళ్లు చెప్పారు. 1930ల్లో ఇంగ్లండులో ఫార్న్‌బరో పరిశోధనా కేంద్రంలో పనిచేసిన మెరిడిత్ రేడియేటరును బయట గాలికి వదలకుండా ఒక సొరంగంలో పెట్టమన్నాడు. లోపలికి వచ్చిన గాలి, సొరంగం వెడల్పయ్యే కొద్దీ నెమ్మదిస్తుంది, పీడనం పెరుగుతుంది. నెమ్మదిగా రెక్కల మధ్య నుంచి సాగి, వేడెక్కి, వెనక ఇరుకు దారిలోంచి వేగంగా బయటపడుతుంది. వేడెక్కిన గాలి వెనక్కి తన్నే తోపు రేడియేటరు కలిగించే ఈడ్పులో కొంత భాగాన్ని పూడుస్తుంది. రెండో ప్రపంచ యుద్ధంలో మస్టాంగ్ విమానం పొట్ట కింద కనిపించే ఉబ్బు అదే. 1970లో లోటస్ 72 ఫార్ములా వన్ కారు రేడియేటర్లను ముక్కు నుంచి తీసి డ్రైవరుకు రెండు పక్కలా పెట్టింది. గాలి దారిని కారు ఆకారంతో పాటే గీయాలని ఆ కారుతో అందరికీ తెలిసొచ్చింది.

లోహం కథ కూడా చెప్పాలి. చాలాకాలం గొట్టాలు ఇత్తడి, రెక్కలు రాగి, అతుకులు సీసం కలిసిన టంకం. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల పాత లారీ రేడియేటర్లకు ఇప్పటికీ ఈ వైద్యం జరుగుతుంది. హోస్ నోళ్లు మూసి, గొట్టాలూ రెక్కలూ కలిసిన కోర్‌ను నీళ్ల తొట్టిలో ముంచి, లోపలికి గాలి కొడతారు. ఎక్కడ బుడగలు లేస్తే అక్కడ గుర్తు పెట్టి టంకం వేస్తారు. రాగి వేడిని అల్యూమినియం కన్నా బాగా ప్రసరింపజేస్తుంది, సుమారు 400కి 237 అన్న నిష్పత్తిలో. అయినా అల్యూమినియమే గెలిచింది. వేడికి అసలు అడ్డంకి లోహం కాదు, గాలి పొర. పైగా అల్యూమినియం రాగిలో మూడో వంతు బరువు కూడా ఉండదు కాబట్టి గొట్టాలను వెడల్పుగా చేయవచ్చు, రెక్కలు వాటికి ఎక్కువ మేర అంటుకుంటాయి. 1960ల మొదట్లోనే షెవ్రొలే కార్వెట్‌కు అల్యూమినియం రేడియేటరు వచ్చింది. తర్వాత కొలిమిలో 600 డిగ్రీల దగ్గర మొత్తం కోర్‌ను ఒకేసారి అతికించే పద్ధతులు కుదిరాక అన్ని కార్లూ ఆ దారి పట్టాయి. ఖర్చు తగ్గించడానికి కోర్ రెండు చివరల ఉండే ట్యాంకులను మాత్రం నైలాన్‌తో చేసి, రబ్బరు పట్టీ పెట్టి, కోర్ అంచులను మడిచి బిగించారు. వేడికీ చల్లదనానికీ ఏళ్ల తరబడి నలిగి ఆ నైలాన్ పెళుసెక్కుతుంది.

ఇక్కడే బయటి రేడియేటరు అవసరం మొదలవుతుంది. 1989లో వచ్చిన మాజ్దా ఎంఎక్స్-5ను ఉదాహరణగా తీసుకుంటాను, ఎందుకంటే ప్రపంచమంతటా ట్రాక్‌ల మీద ఎక్కువగా తిరిగే చిన్న కార్లలో అదొకటి. దాని రేడియేటరు పై ట్యాంకు నల్లటి నైలాన్. అది గోధుమ రంగుకు తిరిగిందంటే పగలడానికి సిద్ధమవుతోందని యజమానులకు తెలుసు. అప్పుడు పూర్తి అల్యూమినియం రేడియేటరు కొంటారు, అది సబబే. టర్బో బిగించి ట్రాక్ ఎక్కినవాళ్లకు మాత్రం అసలు చిక్కు వేరే చోట ఉంది. ఆ ఇంజను మాజ్దా 323 అనే ముందు చక్రాల కారులో అడ్డంగా కూర్చున్న కుటుంబానికి చెందింది. దాన్ని నిలువుగా తిప్పి పెట్టినప్పుడు కూలెంటు వచ్చే దారీ పోయే దారీ రెండూ ఇంజను ముందు వైపుకే చేరాయి. వెనకున్న నాలుగో సిలిండరుకు ప్రవాహం తక్కువ అందుతుంది. అందుకే బయటికి పోయే దారిని హెడ్ వెనక్కి మార్చే కిట్లు వచ్చాయి. ఎంత ఖరీదైన రేడియేటరైనా ఈ లోపాన్ని తీర్చలేదు.

మందం సంగతికి వద్దాం. 25 మిల్లీమీటర్ల కోర్ తీసి 50 మిల్లీమీటర్లది పెడితే చల్లదనం రెట్టింపు కాదు. గాలి ముందు సగం దాటేసరికే వేడెక్కిపోతుంది, వెనక సగానికి మిగిలే ఉష్ణోగ్రత తేడా తక్కువ. మందం పెరిగితే గాలికి అడ్డూ పెరుగుతుంది, దాంతో ముందు సగానికీ గాలి తగ్గుతుంది. చోటుంటే మందం కన్నా ముఖ వైశాల్యం పెంచడం మేలు. దట్టంగా పేర్చిన రెక్కలు వేగంగా పోయే కారుకు బాగుంటాయి. ట్రాఫిక్‌లో నిలబడే కారుకు, ఫ్యాను బలహీనమైతే, అవే భారం.

నీళ్లు కోర్‌లో రెండుసార్లు అటూ ఇటూ తిరిగే డబుల్ పాస్ రకాన్ని ఆలోచించి కొనాలి. దారి సగం వెడల్పు, రెట్టింపు పొడవు అవుతుంది కాబట్టి అదే ప్రవాహాన్ని తొయ్యడానికి పంపు మీద భారం దాదాపు ఎనిమిది రెట్లు పడుతుంది. పంపుకు ఆ సత్తా ఉంటేనే లాభం. నీళ్లు నెమ్మదిగా పోతే బాగా చల్లారతాయన్న నమ్మకం మాత్రం తప్పు. వేగం పెరిగితే గొట్టాల్లో సుడులు పెరిగి వేడి ఇంకా బాగా దాటుతుంది. వేసవిలో థర్మోస్టాట్ పీకేసే అలవాటు మన దగ్గర మెకానిక్కులకు ఉంది. దయచేసి ఆ పని చేయనివ్వకండి. కొన్ని ఇంజన్లలో థర్మోస్టాట్ తెరుచుకుంటూ పక్కదారిని మూస్తుంది. అది లేకపోతే వేడి నీళ్లలో కొంత రేడియేటరుకు పోకుండానే వెనక్కి తిరుగుతాయి. రేడియేటరు మూత కూడా చిన్న వస్తువు కాదు. అది ఒక బార్ అదనపు పీడనం నిలిపితే నీళ్లు 120 డిగ్రీల దాకా మరగవు. బోరు నీళ్లు పోయడం అల్యూమినియానికి చేటు. గొట్టాల్లో ఉప్పు పేరుకుంటుంది, లోహం తింటుంది. శుద్ధ జలంలో తుప్పు ఆపే మందు కలిపిన కూలెంటే పోయాలి. గ్లైకాల్ ఒలికితే రోడ్డు జారుడవుతుంది కాబట్టి చాలా ట్రాక్‌ల మీద దాన్ని అనుమతించరు, అక్కడ నీళ్లూ ఆ మందూ సరి.

కొనే ముందు రెండు ఉష్ణోగ్రతలు కొలవండి: పై హోస్‌లో ఒకటి, కింది హోస్‌లో ఒకటి. డాష్‌బోర్డు సూదిని నమ్మవద్దు. చాలా కార్లలో అది విస్తారమైన శ్రేణి అంతటా మధ్యలోనే నిలిచేలా తయారవుతుంది. ఇంజను వేడెక్కుతూ రెండు హోస్‌ల మధ్య తేడా బాగా ఎక్కువగా ఉంటే నీళ్ల ప్రవాహం తక్కువని అర్థం. పంపు, థర్మోస్టాట్, మూసుకుపోయిన గొట్టాలు చూడాలి. రెండూ వేడిగా ఉండి తేడా తక్కువైతే గాలి చాలడం లేదు. అప్పుడు బంపరు వెనక రేడియేటరు చుట్టూ ఉన్న సందులను రేకుతోనో, గట్టి ఫోమ్ పట్టీలతోనో మూయండి, వచ్చిన గాలి పక్కల నుంచి జారిపోకుండా. ఫ్యాను చుట్టూ ష్రౌడు లేకపోతే పెట్టించండి. ఏసీ కండెన్సరు, ఇంటర్‌కూలరు ముందే వేడి చేసి పంపే గాలిని కూడా లెక్కలో వేసుకుని మళ్లీ కొలవండి. అప్పటికీ వేడి దిగకపోతే, అమర్చడానికి వీలైనంత పెద్ద ముఖమున్న కోర్ కొని, రబ్బరు బుష్‌ల మీద నిలబెట్టండి. ఛాసిస్ మెలిక పడినప్పుడు గట్టిగా బిగించిన అల్యూమినియం అతుకుల దగ్గర చిట్లుతుంది.