జామీను: మనిషికి పూచీయా, ఆస్తికి పరీక్షా?

తెలుగు దేశపు కోర్టుల్లో నేటికీ వినబడే ‘జామీను’ అన్న మాటకు మూలం అరబ్బీలోని ‘జామిన్’. పూచీ వహించినవాడని దాని అర్థం. అంటే ఆ పదం మొదట సూచించేది మనిషినే గాని సొమ్మును కాదు. ఆచరణలో మాత్రం జామీను అనగానే పొలం పాసుపుస్తకం, ఇంటి పన్ను రసీదు గుర్తుకు రావడం మామూలైపోయింది. బెయిలు మంజూరైన తర్వాత కూడ బీదవాడు జైలులోనే ఉండిపోవడానికి మూలం ఇక్కడే ఉన్నది.

బెయిలు ఉత్తర్వు వేరు, విడుదల వేరు. మేజిస్ట్రేటు బెయిలు ఇస్తూ ఒక మొత్తాన్ని నిర్ణయిస్తాడు. సాధారణంగా ఆ సొమ్ము అప్పటికప్పుడు కట్టవలసినది కాదు. వాయిదాలకు హాజరవుతాననీ, తప్పితే అంత మొత్తం చెల్లిస్తాననీ నిందితుడు ముచ్చలిక వ్రాసి ఇస్తాడు. ఒకరిద్దరు జామీనుదారులు అదే పూచీతో సంతకం చేస్తారు. ఇది తెలియని కుటుంబాలు ఎవరో గుమాస్తా చేతిలో డబ్బు పోసి, అదే జామీను అనుకోవడం కద్దు. అమెరికాలోవలె రుసుము తీసుకొని బాండు వ్రాసే వ్యాపారానికి మన చట్టంలో చోటు లేదు. పైగా తాను ఇంకా ఎందరికి పూచీ పడ్డాడో ప్రతి జామీనుదారు కోర్టుకు తెలియజేయాలి.

సంతకం చేసేవాడు తన బాధ్యత కూడ ఎరిగి ఉండాలి. నిందితుడు పరారీ అయితే బాండు జప్తవుతుంది. సొమ్ము రాబట్టడం వీలుకాకపోతే జామీనుదారునికి ఆరునెలల వరకు సివిలు జైలు పడవచ్చు. కోర్టు కొంత తగ్గించనూవచ్చు. నమ్మకం సడలినప్పుడు, తనను తప్పించమని అతడు ముందే అర్జీ పెట్టుకోవచ్చు. అప్పుడు నిందితుణ్ణి కోర్టు పిలిపించి వేరే జామీను అడుగుతుంది.

ఇస్లామీయ ధర్మశాస్త్రంలో దీనికి దగ్గరి విషయం కఫాలత్. ఫుకహాలు దానిని ధనానికి పూచీ, మనిషికి పూచీ అని వేరుచేశారు. బిన్యామీనును తిరిగి తీసుకొస్తామని హజ్రత్ యాఖూబ్ (అలైహిస్సలాం) తన కుమారులచేత ప్రమాణం చేయించుకున్న ఘట్టాన్ని రెండవదానికి ఆధారంగా చూపినవారు ఉన్నారు. హనఫీల ప్రకారం, మనిషికి పూచీ పడ్డవాని విధి అతన్ని హాజరుపరచడమే. విడిగా ఒప్పుకుంటే తప్ప అతని బాకీ ఇతనిపై పడదు. మన కోర్టుల జామీను ఈ రెండింటి మధ్య నిలుస్తుంది: కోరేది మనిషిని, తూచేది ఆస్తిని.

ఈ తూకం ఎంత దూరం పోగలదో 1978 నాటి మోతీరామ్ కేసు చూపుతుంది. మధ్యప్రదేశ్‌లో ఒక తాపీ మేస్త్రీకి పదివేల రూపాయల జామీను అడిగారు. అతని సోదరుడు ముందుకొస్తే, ఆస్తి వేరే జిల్లాలో ఉన్నదని త్రోసిపుచ్చారు. సుప్రీంకోర్టులో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ వెయ్యి రూపాయల సొంత బాండుపై అతన్ని విడుదల చేయించారు. బస్తరులో పట్టుబడిన ఆంధ్రుడు ఏమి కావాలన్న ప్రశ్న కూడ ఆ తీర్పులో వచ్చింది. మరుసటి సంవత్సరం హుస్సేనారా ఖాతూన్ కేసులో, పడగల శిక్షను మించి బీహారు జైళ్లలో మగ్గినవారి సంగతి బయటపడింది. నివాసం, పని, కుటుంబం వంటి బంధాలు గట్టిగా ఉన్నవానిని సొంత బాండుపై వదలవచ్చునని జస్టిస్ పి.యన్. భగవతి చెప్పారు.

అయినా 2022 చివర దేశంలోని 5,73,220 మంది ఖైదీలలో 4,34,302 మంది విచారణలో ఉన్నవారే. అందరికీ బెయిలు దొరికి ఆగిపోయారని కాదు, కాని అలా ఆగిపోయినవారు ఉన్నారు.

1 జూలై 2024 నుండి అమలులో ఉన్న భారతీయ నాగరిక్ సురక్ష సంహిత ప్రకారం, బెయిలుకు హక్కు గల నేరంలో అరెస్టయిన వారం లోపల జామీను తేలేనివానిని బీదవానిగా ఎంచి సొంత బాండుపై వదలాలి. ఇతర కేసులలో, ఉత్తర్వు వచ్చి నెలయినా జామీను కుదరకపోతే షరతులు సడలించే సంగతి కోర్టు స్వయంగా ఆలోచించవచ్చునని 2023 జనవరిలో సుప్రీంకోర్టు సూచించింది. ఏడు రోజుల్లో ఖైదీ విడుదల కాకపోతే జైలు సూపరింటెండెంటు జిల్లా న్యాయసేవాధికార సంస్థకు తెలపాలి. ఆయన తెలిపేదాకా వేచి ఉండనక్కరలేదు, బంధువులే అక్కడ అర్జీ ఇచ్చుకోవచ్చు. కస్టడీలో ఉన్నవానికి ఆదాయంతో నిమిత్తం లేకుండ ఉచితంగా వకీలును ఏర్పాటు చేయడం ఆ సంస్థ విధి.