రూరల్ స్టూడియో

రూరల్ స్టూడియో అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని ఆబర్న్ విశ్వవిద్యాలయానికి చెందిన వాస్తుశిల్ప విద్యాకేంద్రం. ఇది అలబామా రాష్ట్రంలోని హేల్ కౌంటీలో, న్యూబెర్న్ అనే చిన్న ఊరిలో ఉంది. ఇక్కడి విద్యార్థులు పటాలు గీయడంతో ఆగక, స్థానికులకు అవసరమైన ఇళ్ళను, ప్రజా భవనాలను తామే రూపొందించి స్వయంగా నిర్మిస్తారు. ఈ కేంద్రాన్ని 1993లో శామ్యూల్ మాక్‌బీ, డి.కె. రూత్ అనే ఆచార్యులు స్థాపించారు. ఇంతవరకు 200కు పైగా నిర్మాణాలు ఇక్కడ జరిగాయి.

నేపథ్యం

విద్యార్థుల చేత నిజమైన భవనాలు కట్టించడం అంతకు మునుపే ఉంది. 1967లో ఛార్లెస్ మూర్ నాయకత్వాన యేల్ విశ్వవిద్యాలయ విద్యార్థులు కెంటకీలోని న్యూ జయాన్‌లో సామాజిక భవనం నిర్మించారు. రూరల్ స్టూడియో ప్రత్యేకత విద్యార్థులు ఆ పల్లెలలోనే కాపురముండడం. ఆబర్న్ రాష్ట్రపు తూర్పు అంచున ఉండగా హేల్ కౌంటీ పడమటి భాగంలో ఉంది. రోజూ వెళ్ళిరావడం కుదరదు. ఒకప్పుడు పత్తి పండించిన ఈ ప్రాంతం పేదరికానికి పేరుపడినది. 1936లో ఇక్కడి కౌలు రైతుల జీవితాన్ని జేమ్స్ ఏజీ, వాకర్ ఎవాన్స్ నమోదు చేశారు.

బోధనా విధానం

మూడవ సంవత్సరపు విద్యార్థులు ఒక సెమిస్టరు, చివరిదైన ఐదవ సంవత్సరపు విద్యార్థులు ఏడాది పొడవునా ఇక్కడ పనిచేస్తారు. పని మిగిలిపోతే పట్టా వచ్చిన తరువాత కూడా ఉండి పూర్తి చేసేవారు ఉన్నారు. దీనిని శ్రమదానంగా భావించరాదు. ఇది పాఠ్యక్రమంలో భాగం. పటంలోని తప్పును చెరిపి దిద్దవచ్చు, కానీ కప్పు కురిస్తే భరించవలసినది ఆ ఇంటివారే. ఈ ఎరుకతో పనిచేసే శిల్పిని మాక్‌బీ 'పౌర వాస్తుశిల్పి' అన్నాడు.

తొలి నిర్మాణాలు

ఖర్చు తగ్గించేందుకు మొదట్లో పారవేసిన వస్తువులు విరివిగా వాడారు. 1994లో ఒక వృద్ధ దంపతులకు కట్టిన ఇంటి గోడలు గడ్డి కట్టలతో పేర్చి సిమెంటు పూత పూసినవి. 1995లో పాత టైర్లతో ఒక ప్రార్థనా మందిరం వెలసింది. మేసన్స్ బెండ్‌లోని సామాజిక కేంద్రానికి (2000) పాత కార్ల ముందు అద్దాలను కప్పుగా అమర్చారు. 2002లో పూర్తయిన మరో ఇంటి గోడలకు 72,000 కార్పెట్ పలకలు పట్టాయి. మాక్‌బీకి 2000లో మెకార్థర్ ఫెలోషిప్ లభించింది. 2001 డిసెంబరులో ల్యుకేమియాతో మరణించాడు. 2002లో ఆండ్రూ ఫ్రియర్ బాధ్యతలు స్వీకరించాడు.

విమర్శ

ప్రయోగాలకు పేదల ఇళ్ళే దొరికాయా అన్న ప్రశ్న ఈ కేంద్రాన్ని మొదటి నుండి వెంటాడింది. ఇది తోసిపుచ్చదగినది కాదు. ఇల్లు ఉచితంగా ఇచ్చిన మాట నిజమే. అయితే విద్యార్థి పట్టా పుచ్చుకుని వెళ్ళిపోతాడు, మరమ్మతు మాత్రం ఆ కుటుంబం మీద పడుతుంది. కారు అద్దం పగిలితే ఊళ్ళో అంగడిలో దొరకదు. పైగా ఏడాదికి ఒకటి రెండు వింత ఇళ్ళతో కౌంటీ గృహ సమస్య తీరదు.

20కె ఇల్లు

2005లో మొదలైన ఈ పథకాన్ని పై ప్రశ్నకు జవాబుగా చూడవచ్చు. సామాజిక భద్రతా పింఛనుతో బ్రతికే వ్యక్తి తీర్చగలిగిన అప్పు ఎంత అని లెక్కవేసి, సామగ్రి, కూలి, కాంట్రాక్టరు లాభం అన్నీ కలిపి 20,000 డాలర్లలో ఇల్లు పూర్తి కావాలని నిర్ణయించారు. వింత వస్తువుల స్థానంలో సామాన్యంగా అంగట్లో దొరికే కలప, రేకులు వచ్చాయి. ఒక జట్టు కట్టిన ఇంటిని తరువాతి జట్టు పరిశీలించి లోపాలు దిద్దుతుంది.

అయితే ఇల్లు చవకైనంత మాత్రాన పేదవానికి అందలేదు. అంత చిన్న అప్పు ఇవ్వడానికి బ్యాంకులు ఆసక్తి చూపవు. స్థానిక నిర్మాణ నియమాలు, బీమా కూడా అడ్డు వచ్చాయి. వీటిని పరిష్కరించేందుకు తరువాత ఫ్రంట్ పోర్చ్ ఇనిషియేటివ్ అనే విభాగం ఏర్పడి, ఇతర ప్రాంతాల గృహనిర్మాణ సంస్థలకు ఈ నమూనాలను అందజేస్తున్నది. ధరలు పెరగడంతో 20,000 డాలర్ల లెక్క నిలవలేదు.