మ్యాప్‌స్క్రిప్ట్ లైబ్రరీల లోపం

మ్యాప్‌స్క్రిప్ట్ అనేది మ్యాప్‌సర్వర్ అను పటాల సాఫ్టువేరును పీహెచ్‌పీ, పైథాన్ వంటి భాషల నుండి వాడుకొనుటకు ఉపకరించే లైబ్రరీ. మ్యాప్‌సర్వర్ 1990వ దశకం మధ్యలో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో, నాసా సహకారంతో రూపొందినది.

మ్యాప్‌సర్వర్ పటాన్ని నేరుగా చూపుతూ, స్క్రిప్టు ద్వారా మాత్రం చూపకపోతే ముందుగా ఈ లైబ్రరీనే పరిశీలించాలి. దాని ఫైలు డిస్కులో ఉన్నంత మాత్రాన సరిపోదు. పటం ప్రక్షేపాలను లెక్కించే ప్రోజ్, ఉపగ్రహ చిత్రాల వంటివి చదివే జీడాల్ మొదలైన ఇతర లైబ్రరీలపై అది ఆధారపడుతుంది. వాటిలో ఒక్కటి దొరకకున్నా లోడు కాదు. లినక్సులో ఎల్‌డీడీ ఆదేశానికి ఆ ఫైలు పేరు ఇచ్చినచో, దొరకని వాటి ఎదుట "నాట్ ఫౌండ్" అని కనిపిస్తుంది. వాటిని స్థాపించి, అవి ఉన్న డైరెక్టరీని లోడరు జాబితాలో చేర్చి, ఎల్‌డీకాన్ఫిగ్ నడిపి, వెబ్ సర్వరును పునఃప్రారంభించాలి.

టెర్మినల్‌లో చక్కగా నడిచిన స్క్రిప్టు బ్రౌజరులో నడవకపోవడం చాలామందిని కలవరపెట్టే విషయం. టెర్మినల్‌లో అమర్చిన లైబ్రరీ మార్గం వెబ్ సర్వరుకు అందదు. పీహెచ్‌పీకి సైతం ఈ రెండు చోట్ల వేర్వేరు అమరిక ఫైళ్ళు ఉండవచ్చును. వేరొక వెర్షను లైబ్రరీకి కావలసిన పేరు తగిలించడం కొందరు పాటించే చిట్కా. దీనివలన లోపం తీరినట్లు కనిపించినా, తరువాత సర్వరే కూలిపోవచ్చును.

2022లో వెలువడిన 8.0 వెర్షనులో పీహెచ్‌పీ కొరకు ప్రత్యేకంగా వ్రాసిన పాత మ్యాప్‌స్క్రిప్ట్‌ను తొలగించి, స్విగ్ అనే పరికరంతో తయారయ్యేదానిని ఉంచారు. కనుక పాత స్క్రిప్టులను అక్కడికి మార్చునపుడు లైబ్రరీ దొరికినా, స్క్రిప్టులో కొన్ని సవరణలు అవసరం కావచ్చును.