కోటి రూపాయల బేరము

భర్తను కోటి రూపాయలకు వదలుకొనిన యిల్లాలి కథ 1994వ సంవత్సరమున మన తెలుగు తెరమీదికి వచ్చినది. ఎస్. వి. కృష్ణారెడ్డిగారు దర్శకత్వము వహించిన ‘శుభలగ్నం’ చిత్రమే అది. ఇందు రాధగా ఆమనియు, ఆమె భర్త మధుగా జగపతిబాబును నటించిరి. మధు మంచివాడు, కాని అతని జీతము రాధ కోరికలకు చాలదు. ధనవంతురాలగు లత (రోజా) కోటి రూపాయ లిచ్చెదననగా, రాధ తన భర్తను తానే ఆమెకిచ్చి పెండ్లి చేయును. ఇల్లు సంపదతో నిండిన పిదపగాని తాను పోగొట్టుకొన్నదేమో ఆమెకు తెలిసిరాదు. ఈ కథయే 1997లో ‘జుదాయి’ యను పేర హిందీలో వెలువడినది.

1991లో మన దేశము విదేశీ వ్యాపారమునకు తలుపులు బార్లా తెరచిన మూడేండ్లకే ఈ చిత్రము వచ్చుట గమనింపదగినది. అంతకంతకు అంగడి మన నట్టింటికే నడచి వచ్చినది.

అయినను మాకొక సందేహము. దురాశ స్త్రీ సొత్తేనా? 1999లో అమెరికాలో డేవిడ్ ఫించర్ తీసిన ‘ఫైట్ క్లబ్’ చిత్రమున నాయకుడు ఒంటరి పురుషుడు. ఐకియా వారి పట్టికలు తిరుగవేయుచు ఇల్లంతయు సామానుతో నింపుకొనును. కంటికి నిద్ర మాత్రము రాదు. తుదకు మనస్సు రెండుగా చీలి, తన మారురూపమునే వేరొక మనుష్యుడని నమ్మి, సర్వమును కూల్చివేయ బూనును. అచ్చట కొనువాడు పురుషుడు, ఇచ్చట స్త్రీ, రోగ మొక్కటే. ఆ ఐకియా అంగడి 2018లో మన హైదరాబాదునకును వచ్చినది.

మఱియొక మాట. వరకట్నమును 1961లోనే చట్టము నిషేధించినను, పెండ్లికి ముందే వరునికి వెలకట్టు ఇండ్లు నేటికిని కలవు. ఆ బేరమునకు ఉలికిపడని మనము రాధ నొక్కతెనే నిందించుట న్యాయమా?

ఇది తెరమీది మాట యని త్రోసిపుచ్చరాదు. రామసముద్రము వంటి పల్లెసీమలలో దీని యవసరము మఱింత హెచ్చు. ఇచ్చటి రైతు పండించిన టమాటా మదనపల్లె మార్కెట్టునకు పోవును. ధర ఒకనాడు ఆకాశము నంటును. మఱియొకనాడు కోత కూలియైనను గిట్టదు. కాని వాయిదాల మీద తెచ్చిన టీవీకిగాని, మోటారు సైకిలుకుగాని నెలనెలా కట్టవలసిన సొమ్ము ధరతోపాటు తగ్గదు.

వస్తువులు వలదని మేమనము. మిక్సీయు, గ్యాసు పొయ్యియు స్త్రీల రెక్కల కష్టమును తగ్గించినవి. అమెరికా నాయకునివలె అన్నియు కూల్చుటయు ఉపాయము కాదు. వాయిదా పత్రముపై సంతకము చేయుటకు ముందు ఆలుమగలు ఇరువురును కలసి కూర్చుండి, లెక్కపుస్తకము తెరచి, ఒక్క ప్రశ్న వేసికొనవలెను: “పంట ధర పడిపోయిన నెలలో గూడ దీనిని కట్టగలమా?” ఆ ప్రశ్నకు ఇల్లాలు ఒక్కతెయే గాక, ఇంటి యజమానియు బదులు చెప్పవలెను.