ముందు చక్రం దగ్గర చప్పుడు

బనియాస్‌లో స్పీడ్ బ్రేకర్ దాటినప్పుడల్లా మా కారు ముందువైపు టక్‌మనేది. ఒక మెకానిక్ చెప్పాడని షాక్ అబ్జార్బర్లు మార్పించాను. డబ్బు పోయింది గానీ చప్పుడు పోలేదు.

ముసఫ్ఫాలో ఇంకో మెకానిక్ చక్రాన్ని జాకీతో పైకి లేపి, పైనా కిందా పట్టుకుని ఊపాడు. కదిలింది. నన్ను బ్రేకు తొక్కమన్నాడు. అప్పుడు కదలిక ఆగితే బేరింగు లోపమట. ఆగలేదు. అరిగింది కింది బాల్ జాయింట్! పక్కలు పట్టి ఊపినప్పుడు కదిలితే టై రాడ్ ఎండ్‌ని అనుమానించాలి.

బాల్ జాయింట్ ఊడితే చక్రం ఒరిగిపోతుంది. పిల్లలతో హైవే మీద 120లో వెళ్ళిన రోజులు తలచుకుంటే ఒళ్ళు జలదరించింది. జాయింటు మార్చి, వీల్ అలైన్‌మెంట్ చేయించాక చప్పుడు పోయింది.

మీరూ సామాను కొనేముందు చక్రం ఊపించి చూడండి.