మొటిమలు ఎందుకొస్తాయి, ఎలా తగ్గుతాయి

మొటిమ కనిపించేది చర్మం మీదే అయినా పుట్టేది లోపల, వెంట్రుక మొలిచే సన్నని గొట్టంలో. ఆ గొట్టాన్ని ఆనుకుని ఒక నూనె గ్రంథి ఉంటుంది. యుక్తవయసులో ఆండ్రోజెన్ హార్మోన్లు పెరగగానే ఈ గ్రంథి ఉబ్బి, జిడ్డును ఎక్కువగా ఊరిస్తుంది. గొట్టం లోపలి మృతకణాలు రాలిపోకుండా అంటుకుపోయి దారి మూసేస్తాయి. నిలిచిపోయిన జిడ్డులో క్యూటిబ్యాక్టీరియం ఆక్నెస్ అనే బ్యాక్టీరియా పెరుగుతుంది. దాంతో వాపు, ఎరుపు, చీము మొదలవుతాయి.

ముక్కు మీద కనిపించే బ్లాక్‌హెడ్స్‌ను చాలామంది మురికి అనుకుంటారు. తెరుచుకున్న రంధ్రంలో పేరుకున్న జిడ్డు, మెలనిన్ గాలి తగిలి అలా నల్లబడతాయి. ఎంత తోమినా అవి పోవు సరికదా, చర్మం రేగి మొటిమలు ఇంకా ముదురుతాయి. రోజుకు రెండుసార్లు గాఢత తక్కువ ఉన్న ఫేస్‌వాష్‌తో కడిగితే చాలు. నిమ్మరసం, టూత్‌పేస్ట్ పూస్తే చర్మం మండి మచ్చలు మిగులుతాయి.

వేడి చేసి మొటిమలు వస్తాయన్న నమ్మకం మన ఇళ్లలో బలంగా ఉంది. కానీ పరిశోధనల్లో మొటిమలకు కొంత సంబంధం కనిపించింది తీపి పదార్థాలు, మైదా, కూల్‌డ్రింకుల వంటి వాటితో, కొందరిలో పాలతో, జిమ్‌కు వెళ్లే కుర్రాళ్లు తాగే వే ప్రొటీన్‌తో. ఆహారం ఒక్కటే కారణం మాత్రం కాదు. తలకు దట్టంగా నూనె పట్టించే అలవాటు ఉన్నవారికి నుదుటి మీద మొటిమలు రావచ్చు. ఆడవారిలో మొటిమలతో పాటు నెలసరి తప్పుతున్నా, గడ్డం మీద వెంట్రుకలు వస్తున్నా పీసీఓఎస్ అనే హార్మోన్ల సమస్య ఉందేమో పరీక్ష చేయించాలి.

చికిత్సకు ఓపిక ముఖ్యం. ఒక మోస్తరు మొటిమలకు రాత్రిపూట ముఖమంతటికీ శనగగింజంత అడాపలీన్ జెల్, దానికి తోడు బెంజాయిల్ పెరాక్సైడ్ బాగా పనిచేస్తాయి. మొదట్లో చర్మం పొడిబారి పొట్టు లేస్తుంది. ఫలితం తెలియడానికి ఎనిమిది నుంచి పన్నెండు వారాలు పడుతుంది. రెండు వారాలకే విసిగి మందు మార్చేవారే ఎక్కువగా నష్టపోతారు. తీవ్రమైన మొటిమలకు డాక్టర్లు డాక్సీసైక్లిన్, ఆపైన ఐసోట్రెటినోయిన్ మాత్రలు రాస్తారు. ఐసోట్రెటినోయిన్ గర్భస్థ శిశువుకు తీవ్రమైన అవయవ లోపాలు కలిగిస్తుంది; గర్భిణులు దాన్ని ఎట్టి పరిస్థితుల్లోనూ వాడకూడదు. వాడుతున్నప్పుడు, ఆపిన తర్వాత కనీసం నెల వరకు గర్భం రాకుండా చూసుకోవాలి. గర్భిణులు అడాపలీన్‌కూ దూరంగా ఉండాలి.

అన్నిటికంటే బాధాకరమైన నష్టం మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే స్టెరాయిడ్ క్రీములతో జరుగుతోంది. బెటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్ కలిసిన క్రీములు మొదటి వారాల్లో ముఖాన్ని నునుపు చేసి, తెల్లబరుస్తాయి. నెలలు గడిచేసరికి చర్మం పలచబడి ఎర్రని రక్తనాళాలు బయటపడతాయి. క్రీము ఆపగానే మొటిమలు విరుచుకుపడతాయి, మళ్లీ అదే క్రీము రాయాల్సి వస్తుంది. 2018లో కేంద్ర ప్రభుత్వం ఇలాంటి క్రీములను షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. అంటే డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు.

చామనఛాయ చర్మంపై మొటిమ మానినా నల్లమచ్చ నెలల తరబడి ఉంటుంది. గిల్లకుండా ఉండటం, పగటిపూట సన్‌స్క్రీన్ రాయడం దానికి మంచి ఉపాయాలు. లోతుగా, గడ్డల్లా వచ్చే మొటిమలను మాత్రం ఇంట్లో ప్రయోగాలతో కాలయాపన చేయకుండా చర్మవైద్యులకు చూపించాలి. మెడికల్ కాలేజీల అనుబంధ ప్రభుత్వాసుపత్రుల్లోనూ చర్మవ్యాధుల విభాగం ఉంటుంది. ఆలస్యం చేసి ఒకసారి చర్మంలో గుంట పడ్డాక దాన్ని పూర్తిగా పూడ్చే క్రీము లేదు.