పసిబిడ్డల పాలన - బడియీడు

కుమారస్వామికి షాణ్మాతురుడని పేరు కలదు. ఆ ఒక్క బిడ్డకు పాలిచ్చి పెంచుటకు కృత్తికలు ఆరుగురు కావలసివచ్చిరి. ఇంగ్లాండుదేశపు నియమమో, ఒక్క స్త్రీకి ఆరుగురు బిడ్డలనైనను అప్పగింపవచ్చునని చెప్పుచున్నది. వినినంతనే ఇది విపరీతముగా తోచును. కాని ఆ ఆరు అను సంఖ్యవెనుక ఎన్ని కట్టుబాట్లున్నవో తెలిసినచో, మన సోదరీమణులకు ఆ నియమముపై గౌరవము కలుగకపోదు.

ఈ ప్రసంగము మనకేల యందురేమో! ఉద్యోగములకై పోయి అచ్చట కాపురములు చేయుచున్న తెలుగువారు నేడనేకులు కలరు. ఆడపడుచు ప్రసవించినపుడు తల్లియో అత్తగారో పోయి తోడుందురు. కాని సందర్శకులుగా పోయినవారు సాధారణముగా ఆరు నెలలకు మించి అచ్చట నిలువరాదు. తల్లికి చట్టము నిచ్చు ప్రసూతిసెలవు 52 వారములు. అమ్మమ్మ తిరిగివచ్చెను, సెలవును తీరెను. పిమ్మట బిడ్డ నెవరు చూతురు? ఈ దిగులు అచ్చటి తల్లికెంతయో, ఇచ్చటి అమ్మమ్మకును అంతయే.

తన యింటియందే యుండి, ప్రతిఫలము గైకొని, పరుల బిడ్డలను చూచువారిని అచ్చట చైల్డ్‌మైండరు అందురు. మనము శిశుపాలిక యని చెప్పుకొందము. ఎనిమిదేండ్లలోపు పిల్లలను దినమునకు రెండు గంటలకు మించి ఇట్లు చూడదలచినయామె, ఆఫ్‌స్టెడ్ అను ప్రభుత్వ తనిఖీశాఖయొద్దనో, అందు నమోదైన సంస్థయొద్దనో తన పేరు వ్రాయించుకొనవలెను. అమ్మమ్మ, పినతల్లి మొదలగు దగ్గరి బంధువులకు ఈ నిర్బంధము లేదు. శిశుపాలికలను చట్టమునకు లోబరచుట ఆ దేశమున 1948లోనే ఆరంభమైనది.

సంఖ్యానియమ మిట్లున్నది. ఆమె ఒంటరిగా చూచునపుడు ఎనిమిదేండ్లలోపు పిల్లలు ఏ వేళయందును ఆరుగురికి మించరాదు. ఆ ఆరుగురిలో చిన్నపిల్లలు ముగ్గురే. ఆ ముగ్గురిలో ఏడాది నిండని శిశువు ఒక్కటియే. ఐదవ పుట్టినరోజు దాటి వచ్చు సెప్టెంబరు 1వ తేదీవరకును బిడ్డ చిన్నపిల్లల లెక్కలోనిదే. ఆమె స్వంతబిడ్డలును ఈ లెక్కలో చేరుదురు. తోబుట్టువులను కలిపి చూడవలసివచ్చినపుడు కొంత సడలింపు కలదు గాని, ఆరుగురను హద్దు మాత్రము చెదరదు. శిశువిహారములలోనైనచో రెండేండ్లలోపు బిడ్డలు ముగ్గురికి ఒక్కరు చొప్పున పరిచారకు లుండవలెను. రెండేండ్ల బిడ్డలకు పూర్వము నలుగురి కొక్కరుండగా, 2023 సెప్టెంబరునుండి ఐదుగురి కొక్కరైన చాలునని సడలించిరి.

ఇంత లెక్క యెందుకని అడుగవచ్చును. ఒక్క కృష్ణుని కనిపెట్టలేకయే గదా యశోద రోటిని ఆశ్రయించినది! నడక రాని శిశువు నెత్తుకొన్న స్త్రీకి మిగులునది ఒక్క చేయి. ఆ చేతితోనే అన్నము కలుపవలెను, వీధితలుపు మూయవలెను, మెట్లెక్కువానిని పట్టుకొనవలెను. ఇంట నిప్పంటుకొన్నచో అందరిని వెలుపలికి తేవలసినదియు నామెయే. బిడ్డ ఎంత చిన్నదో అంత హెచ్చుగా చేతులు కావలయునని ప్రతి తల్లియు నెరుగును. తల్లులెరిగిన దానినే ఆ నియమము అంకెలలో పెట్టినది. అంతేకాక, ఆమె పసివారి ప్రథమచికిత్సయందు శిక్షణపొంది మూడేండ్లకొకసారి దానిని మరల పొందవలెను. ఆ యింటనున్న పదియారేండ్లు దాటినవారి నడవడినిగూర్చియు విచారణ జరుగును.

ఇక బడియీడు. ఇంగ్లాండులో నాలుగేండ్లు నిండిన పిమ్మట వచ్చు సెప్టెంబరులో బిడ్డను రిసెప్షను అను మొదటి తరగతిలో చేర్చుట వాడుక. ఆగష్టు 31న పుట్టినవానికి నాలుగేండ్లు నిండిన మరునాడే ఆ యేటి సెప్టెంబరు వచ్చును. ఒక్కదినము వెనుక పుట్టినవాడు మరుసటియేడుగాని చేరడు. అప్పటికి వానికి ఐదేండ్లు. ఒక్క తరగతిలోనే ఒకడు ఇంకను పాలుమరువనివాడు, వేరొకడు చెప్పులు తానే తొడుగుకొనువాడు!

అయినను చట్టము నిర్బంధించునది ఐదేండ్ల పిమ్మటనే. ఐదవ పుట్టినరోజు వెనుక వచ్చు ఆగష్టు 31, డిసెంబరు 31, మార్చి 31 తేదీలలో ఏది ముందో, దాని తరువాతి పాఠకాలమునుండి బిడ్డకు విద్య తప్పనిసరి. కావున ఏప్రిల్ 1 మొదలు ఆగష్టు 31 లోపల పుట్టిన బిడ్డను మరియొక యేడు ఇంటనుంచుకొను హక్కు తల్లిదండ్రులకు కలదు. అప్పుడు వానిని రిసెప్షనులోనే చేర్పుడని ముందుగా అర్జీ పెట్టుకొనవలెను. అధికారు లంగీకరింపనిచో ఆ తరగతి దాటి పై తరగతిలో చేరవలసివచ్చును. మన ఆడపడుచులలో పెక్కుమందికి ఈ వెసులుబాటు తెలియదు. "మనుమడు అప్పుడే బడికి పోవుచున్నాడు" అను సంతోషముకంటె, వాడు నోరు తెరచి తన యక్కర చెప్పుకొనగలడా యను విచారమే పెద్దలకు ముందుగా కలుగవలెను.

మన దేశమున అక్షరాభ్యాసము మూడవయేటనో ఐదవయేటనో చేయుదుము. అది పలక పట్టించు శుభకార్యమే గాని, పసివానిని గంటలకొలది బల్లపై కూర్చుండబెట్టుటకు అనుజ్ఞ గాదు. 2009వ సంవత్సరపు నిర్బంధవిద్యాచట్టము ఆరవయేటినుండియే విద్యను హక్కు చేసినది. 2020వ సంవత్సరపు జాతీయ విద్యావిధానము మూడవయేటినుండి ఆటపాటలతో కూడిన పూర్వవిద్యను చెప్పి, ఒకటవ తరగతిని ఆరేండ్లకే నిర్ణయించినది. ఇన్ని యుండియు రెండున్నరయేండ్ల బిడ్డకు మెడకు గుర్తుపట్టీ తగిలించి బడిబండి యెక్కించుటకు మనము తొందరపడుచున్నాము. ఆ గదిలో పిల్లలెందరు, ఆయా లెందరు అని అడుగువారెందరు?

కావున అచ్చటనైనను ఇచ్చటనైనను బిడ్డను పరుల కప్పగించుటకు ముందు తల్లి అడుగవలసినవి కొన్ని కలవు. నమోదుపత్రము చూపుమనవలెను. ఇప్పుడు ఏ యే యీడు పిల్లలెందరు వచ్చుచున్నారో, ఆమె స్వంతబిడ్డలెందరో తెలిసికొనవలెను. ఆమె జబ్బుపడిన దినమున ఎవరు చూతురో అడుగవలెను. పరదేశమునందైనచో పాలు, నీళ్లు, ఆకలి, అమ్మ అను నాలుగు మాటలు తెలుగున వ్రాసి, వాని యుచ్చారణమును ఆమెకు నేర్పవలెను. బిడ్డలు ఇంటిభాషను ఆటలలో వాడుటకు వీలు కల్పింపవలెనని అచ్చటి నియమములే చెప్పుచున్నవి. ఈ ప్రశ్నలకు విసుగుకొను చోట బిడ్డను విడువకుండుటే మేలు.